మొక్కజొన్న దంట్ల సారా కేసు

జిల్లా ఉన్నతాధికారి వారి సముఖమునకు,

బొబ్బిలి మండలం, గెడ్డవలస గ్రామ కాపురస్థుడు, రిటైర్డు సీనియర్ అసిస్టెంటు బోనెల ఏసుదానం వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: మొక్కజొన్న దంట్ల నుండి ఇంధనము తీయుటను సారా కాచుటగా నమోదు చేసిన కేసు గురించి, సీలు వేసిన దంట్లు అంటుకొని చేతులు కాలిన రైతుకే సంజాయిషీ నోటీసు ఇచ్చుట గురించి.

సూచిక: ఇదివరకు నేను ఇచ్చిన అర్జీలు. వాటి నంబర్లు ఇక్కడ వ్రాయడం లేదు. అర్జీల మీద నంబర్లు వేసే పని నేనే చాలా ఏళ్లు చేసియున్నాను గనుక వాటి విలువ నాకు తెలియును.

1. అర్జీదారుడనైన నేను బాప్టిస్టు సంఘపు కుటుంబీకుడను. మా తండ్రిగారు సారా తాగి పొలం గట్టు మీద పడిపోయి మరి లేవలేదు. నేనప్పుడు హైస్కూలులో ఉన్నాను. మా అమ్మ మిషను ఆస్పత్రిలో గదులు కడిగి నన్ను చదివించింది. ఆ నాటి నుండి మా ఇంటి గడప లోపలికి మత్తు పదార్థమేదీ రాలేదు. మా సంఘంలో ప్రభువు బల్ల నాడు ఇచ్చే ద్రాక్షరసం కూడా పులియనిదే. ఈ సంగతి ముందుగా ఎందుకు మనవి చేయుచున్నానంటే, సదరు కేసు కాగితాలలో నా పేరు ఎదురుగా "సారా తయారీకి సహకరించినదీ లేనిదీ విచారించవలసి యున్నది" అని వ్రాశారు. విచారించండి. వద్దనడం లేదు.

2. మొదటి ముద్దాయి అయిన ప్రిస్కిల్లా నా కుమార్తె. సూక్ష్మజీవుల శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, బొబ్బిలిలో ఒక ప్రైవేటు కాలేజీలో గెస్టు లెక్చరరుగా పాఠాలు చెప్పేది. రెండవ ముద్దాయి కనిమెరక గణపతిరావు. మా ఊరి రైతు, మొక్కజొన్న వేస్తాడు. మాకు బంధుత్వం ఏమీ లేదు, మతం కూడా ఒకటి కాదు, అయినా నన్ను బావ అంటాడు, నేనూ అతణ్ణి బావ అనే అంటాను.

తమరికి తెలియనిది కాదు, మొక్కజొన్న కండెలు విరిచాక చేలో దంట్లు మిగిలిపోతాయి. ఎండిపోయిన దంటును పశువు మూతితో తోసేస్తుంది. దున్నితే నాగలికి అడ్డుపడుతుంది. అందుచేత రైతు అగ్గిపుల్ల గీస్తాడు. ఆ రోజుల్లో మా ఊళ్లో ఉతికి ఆరేసిన బట్ట నల్లబడుతుంది, ముసలివాళ్లు దగ్గుతారు.

ఒకనాడు గణపతిరావు మా అరుగు మీద కూర్చుని, "అగ్గెట్టొద్దని ఆఫీసరు బాబులు మైకులో సెప్పి ఎల్లిపోతన్నారు బావా. ఎట్టకపోతే ఏటి సెయ్యాలో సెప్పినోడు లేడు" అన్నాడు.

లోపల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న అమ్మాయి బయటికి వచ్చింది.

"ఆ దంట్లు నాకియ్యండి మావయ్యా. వాటిలో పంచదార ఉన్నాది."

"దంట్లోన పంచదారేటి పాపా? నమిలితే నాలిక కోసుకుపోతాది."

"గట్టి సంచిలో కట్టేసి ఉన్నాది మావయ్యా. విప్పాలంతే" అని నవ్వింది.

కేసు మొత్తానికి మూలమైన కుట్ర ఇదే. ఇంతకు మించి జరగలేదు.

3. చేసిన పని ఏమిటో కూడా వ్రాయుచున్నాను. ఎఫ్ఐఆర్‌లో ఒక్క ముక్క సరిగా లేదు గనుక.

గణపతిరావు పాత పొగాకు షెడ్డు ఇచ్చాడు. అందులో దంట్లను ముక్కలుగా కోసి, సోడా కలిపిన నీటిలో ఉడకబెట్టి, మెత్తబడ్డాక కడిగేవారు. తరువాత ఎంజైము అనే మందు కలిపితే గట్టిగా ఉన్న పీచు తీపి నీళ్లయ్యేది. ఆ తీపి నీళ్లలో ఈస్టు వేసి, గాలి చొరకుండా డ్రమ్ము మూత బిగించేవారు. ఈస్టు చక్కెర తిని ఇథనాల్ వదులుతుంది. దానిని వేరుచేసి, వెంటనే పెట్రోలు కలిపేవారు. ఎవరైనా పొరపాటున నోట పెట్టుకుంటారేమోనని ఆ కలపడం అమ్మాయి ఇంకొకరికి వదలలేదు, ఎప్పుడూ తన చేత్తోనే కలిపేది.

రొట్టెల దుకాణంలో దొరికే ఈస్టు దంట్లలోని చక్కెరలో ఒక రకాన్నే తింటుందట, రెండో రకాన్ని ముట్టదట. ఆ రెండోదాన్ని కూడా తినే ఈస్టు కోసం అమ్మాయి కాలేజీ సెలవుల్లో తోటల వెంట తిరిగింది. శృంగవరపుకోట దాటిన తరువాత కొండ దిగువన ఒక పుచ్చిపోయిన మామిడి మొద్దులో దొరికింది. దాన్ని గాజు గొట్టాలలో పెంచి, తరం వెంట తరం దంట్ల నీళ్లు మప్పింది. చంటిబిడ్డకు అన్నం అలవాటు చేసినట్టే చేసింది. నా భార్య అప్పలమ్మ, "మనవల్ని ఎత్తుకోవలసిన ఈడులోన నా కూతురు బూజుని పెంచుతన్నాది" అని సంఘంలో ఆడవాళ్ల దగ్గర చెప్పుకునేది. తిట్టినట్టు చెప్పినా అందులో మురిపెం ఉండేది.

4. అనుమతి తీసుకోలేదనునది అభియోగము. తీసుకోలేదు, నిజమే. ఎవరూ ఇవ్వలేదు గనుక తీసుకోలేదు. మొదట వెళ్లిన ఆఫీసులో ఇది పరిశ్రమ అన్నారు. పరిశ్రమల వారు ఇది వ్యవసాయం అన్నారు. మూడో చోట, "ఇంత చిన్నదానికి అనుమతేమిటమ్మా, చేసుకో" అని నవ్వి పంపారు. ఆ నవ్వు కాగితం మీద లేదు గనుక కోర్టులో దాఖలు చేయలేకపోయాము.

5. ఒక మంచి సంగతి కూడా వ్రాయనివ్వండి. అర్జీలో మంచి సంగతులు వ్రాయరాదని నిబంధన ఏదీ లేదని అనుకొనుచున్నాను.

మొదటిసారి ఆ ఇంధనం సరిపడా వచ్చిన రోజున గెడ్డ ఒడ్డున గణపతిరావు నీటి ఇంజనులో పోశారు. ఊరి జనం వచ్చి నిలబడ్డారు. తాడు లాగితే ఇంజను దగ్గింది, ఆగింది, మళ్లీ లాగితే పట్టుకుంది. గొట్టం లోంచి నీళ్లు వచ్చి మడిలో పడ్డాయి. గణపతిరావు ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని చాలాసేపు నిలుచుండిపోయాడు. ఆ ఏడు మా ఊళ్లో దంట్లు ఎవరూ తగలబెట్టలేదు. ట్రాక్టర్ల మీద తెచ్చి షెడ్డు పక్కన కుప్ప వేశారు. ఆ కుప్ప గణపతిరావు పశువుల సాలకంటే ఎత్తయింది. ఈ సంగతి తరువాత మనవి చేస్తాను.

6. ఆ మీదట దాడి జరిగింది. పట్టపగలే. జీపులో సారా నిరోధానికి వచ్చే ఎస్సైగారు, నలుగురైదుగురు సిబ్బంది, ఒక ఫొటోగ్రాఫరు వచ్చారు. కబురు తెలిసి నేను పరుగున వెళ్లేసరికి డ్రమ్ము మూత తీసి ఉంది.

"ఏటమ్మా ఇది?" అన్నారు ఎస్సైగారు.

"దంట్ల చక్కెర సార్. ఈస్టు వేసి పులియబెడుతున్నాను."

"పులిస్తే ఏటవుతాది?"

"ఇథనాల్ అవుతుంది."

"ఇథనాలంటే?"

"ఆల్కహాలే సార్. కానీ తాగేది కాదు, ఇంజనులో పోసేది. తీసినదానిలో పెట్రోలు కలిపి ఆ డబ్బాల్లో పెట్టాం, వాసన చూడండి."

ఎస్సైగారు వాసన చూడలేదు. వెనుకనున్న రైటరు వైపు తిరిగి, "ఆల్కహాలని ఒప్పుకున్నాది. రాసుకో" అన్నారు.

ఆమెకు నిజం చెప్పడం తప్ప ఇంకోటి నేర్పని తండ్రిని నేను. ఆ షెడ్డులో ఆ నిమిషాన అది అక్కరకు రాలేదు.

డ్రమ్ములలోనిది సారాకు పులియబెట్టే "ఊట" అని వ్రాసి, నేల మీద పారబోసి ఫొటో తీయించుకున్నారు. మాకు తెలిసిన ఊట బెల్లంతో వేస్తారు. దంట్లతో ఊట వేసిన సారా బట్టీ రాష్ట్రంలో ఇదే మొదటిది అయి ఉండవచ్చును. ఆ ఘనత కూడా ఆ స్టేషను వారికే దక్కనివ్వండి.

తాళం వేయడానికి ముందు కరెంటు మెయిను ఆపబోతుంటే అమ్మాయి అడ్డం వెళ్లింది.

"కేసు పెట్టుకోండి సార్. ఫ్రిజ్ మాత్రం ఆపకండి."

"ఫ్రిజ్జిలోన ఏటున్నాది?"

"ఈస్టు సార్. బతికి ఉన్నాది."

పక్కనున్న కానిస్టేబులు, "బతికుంటే దాన్ని కూడా ముద్దాయి సేసేద్దుమా?" అన్నాడు. అందరూ నవ్వారు. మెయిను ఆపేశారు. వేసవి కాలం. మమ్మల్ని మళ్లీ ఆ గొట్టాలను చూడనిచ్చేసరికి అవి కుళ్లు వాసన కొట్టాయి. అమ్మాయి ఒక గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ దాని చోట దాన్ని పెట్టేసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని నేను అనుకున్నాను.

7. ముద్దాయిలిద్దరినీ రిమాండుకు పంపారు. మరునాడు పేపరులో ఫొటో పడింది. చున్నీతో మొహం కప్పుకున్న అమ్మాయి, వెనుక డ్రమ్ములు, పైన "సారా లెక్చరరు" అని పెద్ద అక్షరాలు. బెయిలు మీద వచ్చాక జైలు సంగతులు ఏమీ చెప్పలేదు. ఒక్కటి మాత్రం వాళ్లమ్మకు చెప్పింది. నిజంగానే సారా కాచి వచ్చిన ఒక పెద్దావిడ అక్కడ ఉండేదట. "బెల్లం నేకండ ఎలగ తీసినావే అమ్మీ? మాకూ సెప్పకూడదేటి" అని రోజూ బతిమాలేదట. అది చెప్పి అమ్మాయి నవ్వబోయి మానేసింది.

కాలేజీ వారు ఈ ఏడు గెస్టు లెక్చరర్లు అవసరం లేదన్నారు. తీసేశామని అనలేదు. మర్యాదస్తులు.

మా పాస్టరు థామస్‌గారు ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "అది సారా కాదని నాకు తెలుసు ఏసుదానంగారూ. కానీ పేపర్లోన పడిపోనాది కదా. కొన్నాళ్లు సంఘం కమిటీలో కూర్చోకండి" అన్నారు. నేను సరేనన్నాను. మా సంఘంలో ప్రభువు బల్ల దగ్గర గిన్నెలు అందించే పని నాది. ఇప్పుడు వెనుక బల్ల మీద కూర్చుంటున్నాను.

8. ఇక దంట్ల కుప్ప. అయ్యా, ఇంతవరకు చదివిన వారు ఇక్కడ ఆపవద్దని మనవి.

షెడ్డుతో పాటు ఆ కుప్పకు కూడా చుట్టూ తాడు కట్టి, చీటీ అంటించి, "కేసు సొత్తు" అన్నారు. గణపతిరావు బెయిలు మీద వచ్చిన వెంటనే నన్ను తోడు తీసుకొని స్టేషనుకు వెళ్లాడు.

"బాబూ, దంట్లు ఒలిసిన కొబ్బరి పీసులాగ ఎండిపోయున్నాయి. మా సాల ఆనుకునే ఉన్నాయి. మీ మనిషినెట్టండి, ఆయన సూస్తుండగానే మోసి గెడ్డవతల ఏసెత్తాం" అని చేతులు జోడించాడు.

"కేసు తేలేవరకు పుల్ల కదపకూడదు. కదిపితే ఇంకో కేసు" అన్నారు లోపలి నుంచి.

"మరి నిప్పడితే బాబూ?"

"పడకుండా సూసుకో. పూచీ నీదే."

అదే మాట కాగితం మీద పెట్టి నేను ఆ స్టేషనులోనే అర్జీ ఇచ్చాను. సూచికలో చెప్పిన వాటిలో అదొకటి.

షెడ్డు మూతపడింది గనుక ఊరి రైతులు తరువాతి పంట దంట్లకు మామూలుగానే నిప్పు పెట్టుకున్నారు. వారిని నేను తప్పుపట్టను. మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. ఎవరి చేలోంచో ఒక నిప్పురవ్వ ఎగిరి వచ్చి కుప్ప మీద పడింది. నేను ఇంటి నుంచి చూసేసరికి పొగ లేదు, ఒక్కసారే మంట కనబడింది. అంత ఎండు అది.

సాల కప్పు తాటాకు. గణపతిరావు లోపలికి దూరి ఆవులను విప్పి తోలేశాడు. మూల దూడ ఉంది. అది బెదిరి గుంజుకోవడంతో పలుపు ముడి బిగిసిపోయింది. కత్తి కోసం బయటికి రాలేదు. చేతులతోనే విప్పుతున్నాడు. కప్పు కాలి అతని చేతుల మీద, దూడ మీద పడింది. అతని భార్య నారాయణమ్మ తడిపిన గోనె కప్పుకొని లోపలికి వెళ్లి నడుం పట్టి ఈడ్చుకొచ్చింది. దూడ రాలేదు.

గణపతిరావు విజయనగరం ఆస్పత్రిలో చాలాకాలం ఉన్నాడు. చేతులు నిలిచాయి గాని వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నారాయణమ్మ కలిపి పెడితే తింటాడు. చొక్కా గుండీ ఆమే పెడుతుంది. అమ్మాయి ఆస్పత్రికి వెళ్లి మంచం పట్టె పట్టుకుని నిలబడితే, "ఆ మొకమేటి పాపా? అగ్గెట్టినోడ్ని నాను కాదు, నువ్వూ కావు. ఆ ఇంజను నడిసిన రోజు మాత్రం బాగున్నాది గదా" అన్నాడు.

నేను వరండాలోకి వచ్చేశాను.

9. ప్రస్తుత అర్జీకి కారణము. గడచిన వారం గణపతిరావుకు ఒక నోటీసు వచ్చింది. "ప్రభుత్వము వారి సీలులో యున్న సాక్ష్యమును ఉద్దేశపూర్వకముగా దగ్ధము గావించినందులకు నీపై ఏల చర్య తీసుకొనరాదో" సంజాయిషీ వ్రాసి స్వయంగా సంతకము చేసి పంపవలెనట. ఇటువంటి వాక్యాలు నా సర్వీసులో నేనూ చాలా టైపు చేశాను. వాటి అవతల ఒక మనిషి నిలబడి ఉంటాడని తెలుసు గాని, అతని ఇంటి గుమ్మంలో కూర్చుని చదివి వినిపించవలసి రావడం ఇదే మొదలు.

నోటీసు తెచ్చిన కానిస్టేబులు, "ముట్టినట్టు సంతకం పెట్టు" అన్నాడు.

"పెట్టలేను బాబూ."

"సదువు రాదేటి? పోనీ ఏలిముద్ర ఎయ్యి."

గణపతిరావు రెండు చేతులూ ఎత్తి చూపించాడు. ఆ కుర్రవాడు మొహం తిప్పుకున్నాడు. పాపం, అతనికీ తండ్రి ఉండి ఉంటాడు. నారాయణమ్మ వచ్చి, "నా ఏలు ఏస్తాను, ఇలగియ్యి బాబూ" అని వేసింది. ముద్దాయి వేలిముద్ర కాదు గనుక ఆ ముట్టుబడి చెల్లదని నిన్న మళ్లీ కబురు పంపారు.

10. కావున తమరిని కోరునది:

సదరు నోటీసును రద్దు చేయవలెను. కుప్ప కదపనివ్వమని ముందే అడిగినట్లు స్టేషనులోనే దాఖలా ఉన్నది, తెప్పించుకొని చూడవలెను. దంట్ల నుండి ఇంధనము తీయుటకు రైతు ఎవరి దగ్గర అనుమతి పొందవలెనో, ఆ ఒక్క అధికారి పేరు తెలియజేయవలెను. మాకు కాదు, ముందు ముందు ఇంకెవరికైనా పనికివస్తుంది. గణపతిరావు చేతులకు శస్త్రచికిత్స చేయగల పెద్ద ఆస్పత్రికి సిఫారసు ఇప్పించవలెను. ఇవేవీ వీలుకాని పక్షంలో, వీలుకాదని ఒక వాక్యం వ్రాసి పంపవలెను. జవాబు రాకపోవడం కంటే అదే నయం. ఆశపడి గుమ్మం వైపు చూడడమైనా మానుకుంటాము.

ఈస్టు గురించి ఏమీ కోరడం లేదు. అది ఏ జీవోతోనూ తిరిగి రాదని అమ్మాయి చెప్పింది.

ఈ కాగితం మొదట తమ కార్యాలయంలో ఒక గుమాస్తా చేతికి వెళుతుంది. నాయనా, నువ్వెవరో నాకు తెలియదు. నీ కుర్చీలో నేనూ కూర్చున్నాను. కట్ట అడుగున పెట్టకు. దొరవారు తీరికగా ఉన్న సమయం చూసి పైన పెట్టు. అటుపై దొరవారు చిత్తగించవలెను.

ఇన్ని జరిగినా ఇంకా

తమ విధేయుడు,
బోనెల ఏసుదానం

తా.క. పై అర్జీ వ్రాసి కవరు అంటించిన తరువాత జరిగిన సంగతి ఒకటి ఉంది. కవరు చింపి మళ్లీ వ్రాయుచున్నాను. దీనితో తమ కార్యాలయానికి పనేమీ లేదు.

అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. పొరుగు జిల్లాలో మద్యం తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, పులియబెట్టే విభాగంలో. మాకు చెప్పకుండా దరఖాస్తు పెట్టుకుంది. కేసు సంగతి వారికి చెప్పిందట. "ఇంటర్వ్యూలో వాళ్లు నవ్వారు నాన్నా. అనుభవం ఉన్నట్టే కదా అన్నారు" అంది. అక్కడ దంట్లు వాడరట. తిండిగింజలే, నూకలు.

అప్పలమ్మ వంటింట్లోంచి వచ్చి, "సారా కొట్లోనా నువ్వు పన్జేసేది?" అంది.

"లైసెన్సున్న ఫ్యాక్టరీ అమ్మా. అక్కడికి పోలీసులు కాపలాకి వస్తారు, పట్టుకోడానికి కాదు."

"మీ తాత ఎలగ పోయినాడో తెలిసే ఎల్తన్నావా?"

అమ్మాయి నా వైపు తిరిగి, "నాకొచ్చిన పని ఇదొక్కటే నాన్నా. మంచికి చేస్తే జైలుకి పంపారు. అక్కడ చేస్తే ఉండడానికి క్వార్టరిస్తారు. వద్దంటే చెప్పు, మానేస్తాను" అంది.

వద్దనడానికి నా దగ్గర ఇంకొకటి ఏముంది, చూపించడానికి? నేనే పెట్టె దించి, దుమ్ము తుడిచి ఇచ్చాను.

ఈ ఉదయం బొబ్బిలి స్టేషనులో బండెక్కించాను. గణపతిరావు కూడా వచ్చాడు. పెట్టె అందుకోబోయి, చేతులు చూసుకుని, భుజంతో జనాన్ని తోసి దారి చేశాడు. మా ఇంట ఎవరు ఊరికి వెళ్లినా తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేయడం అలవాటు. అమ్మాయి తల వంచింది. చెయ్యిపెట్టాను. ఆ ఫ్యాక్టరీలో ఆమె చేయబోయే పనిని దీవించమని దేవుణ్ణి అడగడానికి నాకు నోరు రాలేదు. దారిలో ఏ కీడూ రానివ్వవద్దని, బండి క్షేమంగా చేర్చమని మాత్రం అడిగి ఆమేన్ అన్నాను.

అమ్మాయి తల ఎత్తి, "అంతేనా నాన్నా?" అంది.

అంతే అన్నాను.